కారు బిల్లు మీద ఫాల్ట్ కోడ్ కూడా రాయాలి

ఎడిటర్ గారికి,

ఈ మధ్య మా షెడ్డుకొచ్చే కార్లలో చాలావాటిది ఒకటే కథ. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ లైటు వెలిగింది, ఎక్కడో స్కానర్ పెట్టారు (తేడా వచ్చినప్పుడు కారు కంప్యూటర్ దాచుకున్న ఫాల్ట్ కోడ్‌ని చదివే పరికరం), పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సార్ పోయిందన్నారు, వేలకు వేలు పోసి మార్పించుకున్నారు, నాలుగు రోజులు తిరక్కుండా లైటు మళ్లీ వచ్చింది. బిల్లు చూస్తే సెన్సార్ ధర ఉంటుంది, లేబర్ ఉంటుంది, జీఎస్టీ ఉంటుంది, అసలు స్కానర్‌లో వచ్చిన కోడ్ ఏంటో మాత్రం ఉండదు. ఓనర్ని అడిగితే తనకెవరూ చెప్పలేదంటాడు.

పీ0171 అనే కోడ్ సంగతే చూడండి. ఇంజన్‌లోకి పోయే మిశ్రమంలో గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని చెప్పే కోడ్ అది, అంతకుమించి ఏమీ చెప్పదు. ఆ కబురు కంప్యూటర్‌కి మోసింది ఆక్సిజన్ సెన్సార్ కాబట్టి చాలామంది ముందు దాన్నే పీకేస్తారు, సాక్షి చెప్పింది నచ్చక సాక్షినే మార్చేసినట్టు. ఇంజన్‌లోకి గాలి పోయే ఇన్‌టేక్ దగ్గర రబ్బరు పైపు చిట్లినా, పెట్రోలు పంపు ప్రెషర్ తగ్గినా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు మూసుకుపోయినా అదే కోడ్ వస్తుంది. అదే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె కనిపిస్తుంది, కంప్యూటర్ పెట్రోలు ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే లెక్క అది. ఐడిల్‌లో అది బాగా ఎక్కువుండి, రేసు ఇచ్చి రెండున్నర వేల ఆర్‌పీఎం దగ్గర పట్టుకుంటే తగ్గిపోతుందంటే ఎక్కడో గాలి లీకవుతోందని అనుమానించాలి, రేసు ఇచ్చేకొద్దీ పెరుగుతుంటే పెట్రోలు సరిగా అందడం లేదేమో చూడాలి. ఎంతసేపు పడుతుంది ఇది?

పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్, అంటే అందులో పెట్రోలు సరిగా మండటం లేదు. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ సిలిండర్‌కొకటి ఉన్న బండైతే ఒకటోదాని కాయిల్, రెండోదాని కాయిల్ అటూ ఇటూ మార్చి నడిపి చూడాలి. కోడ్ పీ0302 అయిందా, కాయిలే పోయింది. మారలేదా, ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా చూసుకోవాలి. పైసా ఖర్చు లేదు. (అన్నట్టు లైటు నిలకడగా వెలగడం వేరు, ఆరుతూ వెలుగుతూ ఉండటం వేరు. రెండోదైతే కాలని పెట్రోలు పోయి పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మాడిపోవచ్చు, స్పీడు తగ్గించి వీలైనంత త్వరగా బండి ఆపేయండి.)

మా ఆటోనగర్‌లో అందరూ బుద్ధిమంతులని నేననను. బ్యాటరీ టెర్మినల్ పీకి, లైటు ఆర్పి, డబ్బు తీసుకుని పంపేవాళ్లు ఇక్కడా ఉన్నారు. అలా చేస్తే చాలా బళ్లలో కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, అంటే తేడా వచ్చిన క్షణంలో స్పీడెంత, ఇంజన్ వేడెంత, లోడెంత అని కంప్యూటర్ దాచుకున్న లెక్క. తర్వాత చూసే మెకానిక్‌కి ఆధారమే లేకుండా పోయింది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో, చూడమని అడగండి, చాలావరకు పూర్తికాలేదని చూపిస్తే ఈమధ్యే ఎవరో కోడ్లు చెరిపి ఉండొచ్చు.

ఇంజన్ కోడ్లు చదవడానికి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో పెట్టే చవక బ్లూటూత్ పరికరం చాలు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, కొత్త ఇంజెక్టర్ వివరాలు కంప్యూటర్‌కి ఎక్కించే కోడింగ్ దగ్గరికొచ్చేసరికి చాలా బళ్లకు కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి, అది మాలాంటి వాళ్లకు దొరకదు. విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదనే 2014లో మార్కెట్‌లో పోటీ సక్రమంగా ఉందో చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రెండున్నర వేల కోట్లకు పైగా జరిమానా వేసింది, కంపెనీలు అప్పీళ్లకెళ్లాయి. 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ (కొన్న వస్తువును బయట కూడా బాగు చేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది. మా షెడ్డు వరకు ఇంకా ఏమీ రాలేదు.

సాఫ్ట్‌వేర్ సంగతి తేలేలోపు కనీసం ఇదైనా తప్పనిసరి చేయమని వినియోగదారుల శాఖ వాళ్లను అడుగుతున్నాను. షోరూమైనా షెడ్డైనా జాబ్ కార్డు (బండి మీద చేసిన పని రాసే కాగితం) మీద వచ్చిన కోడ్, ఏ టెస్టు చేసి ఆ పార్టు పోయిందని తేల్చారో, రిపేరు తర్వాత కోడ్ ఉందో లేదో రాసివ్వాలి, తీసిన పాత పార్టు ఓనర్ చేతికివ్వాలి. రూలు వచ్చేదాకా ఆగక్కర్లేదు, బండి ఇచ్చేటప్పుడే మీరు అడిగి రాయించుకోవచ్చు.

ఇట్లు,
ఒక కార్ మెకానిక్,
ఆటోనగర్, విజయవాడ