సగం మీసం వేయాలా మాస్టారూ?

సంపాదకులకు నమస్కారం.

హిజ్రాల గురించీ, స్వలింగ సంపర్కుల గురించీ బడిలో చెప్పడమేమిటి, ఇదంతా విదేశీ గోల అని మొన్న మీ పత్రికలో ఒకాయన రాశారు. విజయవాడలో డ్రాయింగ్ మాస్టారుగా ఉన్న నాకు ఆ మాట మింగుడు పడలేదు.

తొమ్మిదో తరగతి వాళ్లను అర్ధనారీశ్వరుణ్ణి వేయమన్నాను. కుడివైపు శివుడు, ఎడమవైపు పార్వతి. ముక్కు దాకా బాగానే వచ్చి అక్కడ పెన్సిళ్లు ఆగాయి. 'మీసం సగమే వేయాలా మాస్టారూ?' అన్నాడు వెనక బెంచీవాడు. అందరూ ఒకటే నవ్వు. ముగ్గులు బాగా వేస్తాడని క్లాసంతా 'ఆడంగి' అని ఏడిపించే పిల్లాడు మాత్రం తలెత్తకుండా రెండు కళ్లకీ కాటుక పెట్టేశాడు. శివుడికెందుకురా అంటే, 'బాగుంటుందని' అన్నాడు. నేను చెరపమనలేదు.

ఆ నవ్వుల్లోనే, నాటకాల్లో ఆడవేషాలు కట్టిన నటుడు స్థానం నరసింహారావు గారి సంగతి ఎత్తాను. పుట్టింది మన బాపట్లలోనే. సత్యభామ వేషంతో పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడిలో మగవాళ్లే సత్యభామ జడ వేసుకుని ఆడేవారనీ చెప్పాను. అయితే ఆ వేషం కట్టినవాళ్లంతా ట్రాన్స్‌జెండర్లని కాదు సుమా. నాటకం అయ్యాక రంగు కడిగేసుకుంటే వేషం పోతుంది. కొందరికి అది వేషం కాదు, వాళ్లే అంత. ఈ తేడా పిల్లలకు ఐదు నిమిషాల్లో అర్థమైంది, పెద్దవాళ్లకే పట్టడం లేదు.

పదో తరగతికి బరోడా చిత్రకారుడు భూపేన్ ఖఖ్ఖర్ గురించి చెబుతాను. చార్టర్డ్ అకౌంటెంట్‌గా ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేశాడు, మగవాళ్ల మధ్య ప్రేమను దాచకుండా గీశాడు. ఆయన బొమ్మలన్నీ క్లాసులో చూపించలేం, ఆపాటి విచక్షణ మాకూ ఉంది.

ట్రాన్స్‌జెండర్లను సుప్రీంకోర్టు 2014లోనే గుర్తించింది. బడుల్లో వాళ్లపట్ల వివక్ష కూడదని 2019 చట్టం చెబుతోంది. అలాంటి పిల్లలతో ఎలా మెలగాలో టీచర్లకు చెబుతూ ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ఒక పుస్తకం తెచ్చింది, గొడవ రేగగానే వెబ్‌సైట్ నుంచి తీసేసింది. అది మళ్లీ పెట్టాలి. మాకు కొత్త సిలబస్ అక్కర్లేదు. పరీక్షలు దగ్గర పడగానే డ్రాయింగ్ పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేయకుండా ఉంటే చాలు.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ మాస్టారు,
సత్యనారాయణపురం, విజయవాడ