విడాకుల కేసు నడుస్తుండగానే వీలునామా రాసుకోవాలి

సంపాదకులకు,

విడాకుల కోసం విజయవాడలోనో గుంటూరులోనో వకీలు దగ్గరికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది భరణం గురించి. ఎంత వస్తుందని ఒకరు, ఎంత కట్టాలని ఇంకొకరు. ‘కేసు తేలేలోపు నాకేమన్నా అయితే నా ఇల్లు, నా డబ్బు ఎవరికి పోతాయి?’ అని అడిగేవాళ్లు చాలా అరుదు. నిజానికి మొదట తేల్చుకోవాల్సింది అదే. డిక్రీ (విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) వచ్చేవరకు చట్టం దృష్టిలో ఆ ఇద్దరూ భార్యాభర్తలే. పదేళ్లుగా ఒకరి గుమ్మం ఒకరు తొక్కకపోయినా అంతే. కేసు మధ్యలో ఒకరు చనిపోతే పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది, బతికున్నవారు వారసుల్లో ఒకరవుతారు. పరస్పర అంగీకారంతో వేసిన కేసులోనూ ఇదే పరిస్థితి. అందులో ఇద్దరూ కోర్టు ముందు రెండుసార్లు అంగీకారం చెప్పాలి, వాటినే మోషన్లు అంటారు. మొదటి మోషన్‌కీ రెండో మోషన్‌కీ మధ్య మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కేసుల్లో దాన్ని తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఒప్పుకున్న సొమ్ములో సగం ముట్టి, మిగతా సగం బాకీ ఉండగానే మనిషి పోతే చిక్కులన్నీ ఇంటివాళ్ల నెత్తిన పడతాయి.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడు వీలునామా లేకుండా పోతే భార్య, పిల్లలు, తల్లి సమాన వాటాదారులు. ఆడవాళ్ల విషయంలో ఇంకా గట్టి దెబ్బ ఉంది. పిల్లలు లేని ఆడపిల్ల కేసు నడుస్తుండగా చనిపోతే ఆమె సంపాదన, ఆమె పేరున్న ఫ్లాటు, నగలు మొత్తం భర్తకే పోతాయి. భర్త లేకపోతే ఆయన వారసులకు పోతాయి. కన్నవాళ్ల వంతు ఆ తర్వాతే. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి మినహాయింపు ఉంది, పిల్లలు లేకపోతే అది తండ్రి వారసులకు వెళుతుంది. అయితే మన వైపు పసుపు కుంకుమ కింద పొలాన్ని గిఫ్టు దస్తావేజు రాసి ఇస్తారు. అది వారసత్వం కాదు, దానం. కాబట్టి మినహాయింపు దానికి వర్తించదు. కూతురి కోసం తండ్రి రాసిచ్చిన ఎకరం, ఆమె ఏ మనిషి నుంచి విడిపోవాలని కోర్టుకెక్కిందో ఆ మనిషికే చేరుతుంది. ఇది తెలిశాక కూడా వీలునామా వాయిదా వేయడం నాకు అర్థం కాదు.

పెద్దమనుషుల మధ్య వంద రూపాయల స్టాంపు పేపరు మీద ‘ఇకపై మాకు సంబంధం లేదు’ అని రాసుకున్నవాళ్ల పరిస్థితి మరీ ప్రమాదకరం. కుల కట్టుబాటుగా అనాదిగా నడుస్తున్న ఆచారమని రుజువు చేయగలిగితే తప్ప అది విడాకులు కాదు. నోటరీ ముద్ర వేయించినా కాదు. ఆ కాగితాన్ని నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, రెండో భార్య వారసురాలు కాదు. ఆమెకు పుట్టిన పిల్లలకు తండ్రి ఆస్తిలో హక్కు ఉంటుంది గానీ, ఇంటి మీదా బ్యాంకు డబ్బు మీదా భార్యగా నిలబడేది మొదటామె.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రాసేవారు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి, ఆ సాక్షులిద్దరూ రాసినవారి ఎదుట సంతకాలు పెట్టాలి. సాక్షి సంతకం తర్వాత ఎప్పుడో ఇంటికి పంపించి తెప్పించుకున్నారని కోర్టులో తేలితే వీలునామా పోయినట్టే. ఆస్తి దక్కేవాళ్లను సాక్షులుగా పెట్టొద్దు. సాక్షులు మీకన్నా వయసులో చిన్నవాళ్లయితే ఇంకా మంచిది, రేపు కోర్టుకు వచ్చి చెప్పాల్సింది వాళ్లే. ప్రతి పేజీ మీద సంతకం, తేదీ వేయాలి. పొలమైతే సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఇల్లయితే దస్తావేజు నంబరు, సంవత్సరం రాయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మాత్రం ఫోర్జరీ అన్న మాట చాలావరకు నోట్లోనే ఆగుతుంది. భార్యకో భర్తకో వాటా ఇవ్వకపోతే ‘ఫలానా నంబరు విడాకుల కేసు పెండింగులో ఉన్నందున వారికి ఏమీ ఇవ్వడం లేదు’ అని ఒక్క వాక్యం ఉండాలి. ఆ వాక్యం లేని వీలునామాలను ‘దగ్గరివాళ్లను ఎందుకు వదిలేశారు’ అనే అనుమానంతోనే కొట్టేయించడానికి చూస్తారు. ‘ఇంతకుముందు రాసినవన్నీ రద్దు’ అని కూడా రాయాలి, ఎందుకంటే హిందువుల విషయంలో విడాకులు వచ్చినంత మాత్రాన పాత వీలునామా దానంతట అది రద్దు కాదు. ఉమ్మడి ఆస్తిలో మీ వాటా వరకే రాయగలరన్నది, డిక్రీకి ముందు మీరు పోతే మీ భార్య పోషణ ఖర్చు కోసం మీ ఆస్తిని పొందినవాళ్లను అడగవచ్చన్నది గుర్తుంచుకోవాలి. క్రైస్తవులకు, ముస్లింలకు నియమాలు వేరు. క్రైస్తవులు మళ్లీ పెళ్లి చేసుకుంటే పాత వీలునామా రద్దవుతుంది. ముస్లింలు మామూలుగా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు.

ఇక నామినేషన్లు. బ్యాంకు డిపాజిట్లకు నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసులకు అప్పగించాలి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు. జీవిత బీమా సంగతి వేరు: 2015 సవరణలో భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వాళ్లదే అన్నట్టు రాశారు. పెళ్లైన కొత్తలో తీసుకున్న పాలసీల్లో ఎవరి పేరుందో ఈ వారమే తీసి చూసుకోవాలి. పీఎఫ్‌లో పిల్లలనో, మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులనో పెట్టవచ్చు. కుటుంబం ఉండగా అన్నదమ్ముల పేరు పెడితే చెల్లదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులు విడాకుల కేసు పెండింగులో ఉంటే భర్త కంటే ముందు పిల్లలకు కుటుంబ పెన్షన్ వచ్చేలా రాసి ఇవ్వవచ్చని 2024 జనవరిలో ఉత్తర్వులు వచ్చాయి. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ ఖాతాలో ఇద్దరిలో ఎవరైనా మొత్తం తీసుకోగలరు. ఇద్దరి సంతకం లేకుండా డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. మీ తరఫున ఆస్తి వ్యవహారాలు నడిపే అధికార పత్రం (జీపీఏ) భర్తకో అత్తింటివాళ్లకో ఇచ్చి ఉంటే రిజిస్టర్డ్ రద్దు దస్తావేజు చేయించి, వాళ్లకు నోటీసు పంపాలి. అమెరికాలో ఉండి ఇక్కడి స్థలానికి జీపీఏ ఇచ్చినవాళ్లు మరీ ముఖ్యంగా.

చాలామంది పడే గుంట ఇంకొకటి ఉంది. భార్య పేరో భర్త పేరో తీసేసి మైనరు పిల్లల పేరు పెడతారు, పని అయిపోయిందనుకుంటారు. మీరు పోయాక ఆ పిల్లలకు సహజ సంరక్షకులు ఎవరు? బతికున్న తల్లో తండ్రో, అంటే మీరు ఎవరి చేతికి డబ్బు పోకూడదనుకున్నారో వాళ్లే. కాబట్టి మైనరు తరఫున డబ్బు అందుకునేవారుగా బీమాలోనూ (అక్కడ ‘అపాయింటీ’ అంటారు), బ్యాంకులోనూ మీ నమ్మకస్తుల పేరు ఇవ్వాలి. పెద్ద మొత్తమైతే పిల్లలకు ఇరవై అయిదేళ్లు వచ్చేవరకు ఫీజులకూ వైద్యానికీ మాత్రమే ఖర్చు చేయాలని వీలునామాలోనే ట్రస్టు ఏర్పాటు చేసి, కార్యనిర్వాహకుణ్ని నియమించాలి.

రాజీ షరతుల్లో మూడు విషయాల మీద పట్టుబట్టాలి. నెలనెలా భరణానికి ఒప్పుకుంటే, కట్టేవారు చనిపోయిన నెల నుంచి అది ఎవరిని అడగాలో తెలియదు. విడాకులు పొందిన భార్య వారసురాలు కాదు. అందుకే హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద భరణానికి స్థిరాస్తి మీద చార్జి (బాకీని ఆ ఆస్తి నుంచే రాబట్టుకునే హక్కు) వేయమని అడగాలి. పిల్లల కోసం తండ్రి 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద టర్మ్ పాలసీ తీసుకోవాలని రాయించుకోవచ్చు. అలా తీసుకుంటే అప్పులవాళ్లు ముట్టుకోలేరు, ఆయన పేర్లు మార్చలేడు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు. ప్రీమియం ఆగితే పాలసీ పోతుంది గనుక ఏటా రసీదు చూపించాలన్న షరతు కూడా ఉండాలి. ఇక ఇచ్చిపుచ్చుకునే ఇల్లు, పొలం పిటిషన్ షెడ్యూలులోనే వివరంగా ఉండాలి. కేసులో లేని ఆస్తిని రాజీలో కలిపితే ఆ డిక్రీని రిజిస్టర్ చేయించక తప్పదు. ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రంలో) పేరు ఎక్కక ఇరవై ఏళ్ల తర్వాత అమ్మకం దగ్గర తగువులు వచ్చేది ఇక్కడే. ఇంటి రుణానికి ఇద్దరూ సంతకం పెట్టి ఉంటే ‘అప్పు ఆయనే కడతాడు’ అన్న రాజీ వాక్యం బ్యాంకును కట్టేయదు. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేస్తేనే మీరు బయటపడ్డట్టు.

కేసు పడగానే పొలాన్ని తమ్ముడి పేర గిఫ్టు రాసేయడం ఈ జిల్లాల్లో అలవాటైపోయింది. దాని వల్ల లాభం లేదు. భరణం హక్కును తప్పించడానికి చేసిన బదిలీని కోర్టు ప్రశ్నించగలదు. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇరువురూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాల్సిందే, అందులో దాచింది ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. పైగా గిఫ్టు ఇచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడం మీ చేతిలో ఉండదు.

మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయ సాయం ఇస్తుంది. 15100కు ఫోన్ చేయవచ్చు. ఆ సంస్థవారికి, రెండు నగరాల కుటుంబ న్యాయస్థానాల వారికి నా విన్నపం: పిటిషన్ నంబరు పడిన రోజే కక్షిదారులిద్దరి చేతిలో వీలునామా, నామినేషన్లు, జీపీఏ, జాయింటు ఖాతా గురించి ఒక్క పేజీ తెలుగు కాగితం పెట్టండి. కౌన్సెలింగుకు పిలిచినప్పుడు దాన్ని చదివి వినిపించండి.

– ఒక న్యాయవాది, గుంటూరు