పెసరట్టు అంచు

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఎంత తిట్టినా పడతాను. ఇక్కడ అందరూ క్షేమం. నాన్నగారి మోకాలు నయమైంది, నేను ఇల్లు మారాను. గొడుగు సంగతి మాత్రం అడగకు.

అసలు విషయానికి వస్తాను. హాస్టల్ మేడ మీద, ఆ వేసవిలో, చిన్న టెలిస్కోపులో కన్యారాశి ఎం87ను చూశాం, గుర్తుందా? అయిదు కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న మహా గెలాక్సీ నీ కంటికి ఉడికించిన గుడ్డులా కనిపించింది! సుడి తిరిగిన సర్పిల గెలాక్సీలకైతే చేతులున్నాయి, ఈ దీర్ఘవృత్తాకార గెలాక్సీల్లో చూడడానికి ఏముంది అన్నావు. నేనూ తలూపాను. ఇప్పుడు సిగ్గేస్తోంది.

మొన్న శనివారం రాత్రి కొన్ని వందల గుడ్ల కొలతలు కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఒక్కోదానికి మూడే అంకెలు: మొత్తం వెలుగులో సగం ఇమిడే వ్యాసార్థం, ఆ లోపల సగటు ప్రకాశం, నడిమధ్యన నక్షత్రాల వేగాల్లో తేడాలు ఏ మేరకు ఉన్నాయన్నది. లాగరిథమ్‌లు తీసి మూడు అక్షాల మీద చుక్కలు పెడితే దోమల గుంపు తయారైంది. విసుగొచ్చి మౌస్‌తో అటూ ఇటూ తిప్పుతున్నాను. ఒక కోణం దగ్గర గుంపంతా సన్నటి గీత అయిపోయింది! కాస్త తిప్పితే మళ్లీ దోమలు, వెనక్కి తెస్తే గీత. అచ్చం పెసరట్టును అంచు వైపు నుంచి చూసినట్టు. (మన మెస్ పెసరట్టు కాదులే. అది దిండు.)

అంటే చుక్కలన్నీ ఒకే పల్చటి తలం మీద పడ్డాయన్నమాట. దీన్నే మూలతలం అంటారు. 1987లో రెండు ఖగోళ శాస్త్రవేత్తల బృందాలు విడివిడిగా ప్రకటించాయి. 1976లోనే ఫేబర్, జాక్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు వేగాల తేడా రెట్టింపయితే వెలుగు దాదాపు పదహారింతలని చెప్పారు. వాళ్లు చూసింది ఈ అట్టునే, కాకపోతే ఏటవాలుగా.

గురుత్వాకర్షణ లెక్క వేస్తే అట్టు రావలసిందే. కానీ ప్రకాశం ఒకటే అయితే వ్యాసార్థం వేగాల తేడా వర్గాన్ని అనుసరించాలి కదా, 2 ఉండవలసిన ఘాతం (పవర్) 1.2 దగ్గరే ఆగుతోంది. అంటే అట్టు ఒరిగింది. పెద్ద గెలాక్సీలు తమ బరువుకు తగినంత వెలగడం లేదు! ముసలి నక్షత్రాల వల్లనా, బరువున్నా వెలగని కృష్ణపదార్థం వల్లనా, మసకగా వెలిగే చిన్న నక్షత్రాలు ఎక్కువై బరువు పెరగడం వల్లనా... ఎవరి వాటా ఎంతో ఇంకా తగువే. నాకైతే చిన్న నక్షత్రాల మీదే అనుమానం, ఎందుకంటే... అది చెప్పాలంటే ఇంకో కాగితం కావాలి.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే. ఒక్కో గుడ్డూ ఎన్ని గెలాక్సీలను మింగిందో, ఎన్నిసార్లు గుద్దుకుందో! దేని చరిత్ర దానిదే. అయినా అన్నీ ఆ పల్చటి అట్టులోనే. పక్కకు జరిగినా వ్యాసార్థంలో ఇరవై శాతం అటూ ఇటూ, అంతే. ఎలా కుదిరిందిరా ఇది? నీకు

అమ్మ పిలుస్తోంది, పోస్టు డబ్బా తీసే వేళయింది. మిగతాది

— నీ దిండు