ఆరు గంటలు తల ఎత్తకుండా టంకం పనా?

సంపాదకులకు నమస్కారం.

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీ పనివేళలు మార్చాలని 2025 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించినప్పటి నుంచి మాటంతా రోజుకు 9 గంటలా, 10 గంటలా అన్నదాని మీదే నడుస్తోంది. వారానికి 48 గంటలు దాటదు కదా అని సర్దిచెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ నిర్ణయంలోనే ఉన్న ఇంకో మార్పు గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. ఇదివరకు 5 గంటల పని తర్వాత తప్పనిసరిగా విరామం ఇవ్వాలి. ఇకపై 6 గంటల తర్వాత ఇస్తే చాలట. నాకు దీనితోనే ఎక్కువ భయం.

నేను 1978లో హైదరాబాద్‌లో రేడియోలు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో చేరాను. టంకం పెట్టడం, అంటే లోహపు తీగను కరిగించి పార్టులను అతకడం (సోల్డరింగ్) నా పని. అతుకు సరిగ్గా పడిందో లేదో కనబడాలంటే ముఖం దాని మీదకు వంచాల్సిందే, అప్పుడు రోజిన్ (టంకం తీగలో ఉండే చెట్టు బంక) పొగ తిన్నగా ముక్కులోకి పోతుంది. ఫ్యాన్ వేస్తే అతుకు చల్లారిపోతుందని వేయనిచ్చేవారు కాదు. ఒక చేతిలో సోల్డరింగ్ ఐరన్, ఇంకో చేతిలో పార్టు. ఇక టంకం తీగను పళ్ల మధ్య పట్టుకునేవాళ్లం. అందులో సగానికి దగ్గరగా సీసమే ఉంటుందని, సీసం విషమని మాకు చెప్పినవాళ్లు లేరు. కుళాయి దగ్గర సబ్బు ఉండేది కాదు. అవే చేతులతో అన్నం తినేవాళ్లం. మూడు గంటలు దాటాక కళ్లు మసకబారేవి, మెడ పట్టేసేది, తప్పులన్నీ అప్పుడే పడేవి. నా పక్కన కూర్చునే అమ్మాయికి రాత్రిళ్లు ఆయాసం వచ్చేది. రోజిన్ పొగ ఉబ్బసం తెస్తుందని చాలా ఏళ్ల తర్వాతే నాకు తెలిసింది.

రిటైరయ్యాక ఈ పని చరిత్ర గురించి చదివాను. అమెరికాలో 1920లు, 30లలో ఫిలడెల్ఫియా, దాని పక్కనే ఉన్న కామ్డెన్ రేడియో తయారీకి పెద్ద కేంద్రాలు. కాయిళ్లు చుట్టేదీ, తీగలు అతికేదీ ఎక్కువగా ఆడవాళ్లే. కెపాసిటర్లకు, తీగలకు పూతగా వాడిన క్లోరినేటెడ్ నాఫ్తలీన్ అనే రసాయన మైనంతో పనిచేసినవాళ్లకు ఒళ్లంతా పొక్కులు వచ్చేవి, కొందరికి కాలేయం దెబ్బతినేది. ఫిలడెల్ఫియాలోని ఫిల్కో అనే రేడియో ఫ్యాక్టరీలో 1933 జులైలో రోజుకు 10 గంటలు చేయమన్నందుకే కార్మికులు పని ఆపేసి బయటికి నడిచారు. కొద్ది రోజుల్లోనే రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు, ఓవర్‌టైమ్‌కు ఒకటిన్నర రెట్ల కూలి అని యాజమాన్యంతో ఒప్పందం రాయించుకున్నారు. 1936లో ఎలక్ట్రికల్, రేడియో కార్మికుల జాతీయ సంఘం ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడైన జేమ్స్ కేరీ ఆ ఫిల్కో నుంచి వచ్చినవాడే. తొంభై ఏళ్ల కిందట రేడియో కార్మికులు కాదన్న పది గంటలను ఈ రోజు మన పిల్లల ముందు పెడుతున్నాం.

ఇప్పుడు చాలాచోట్ల సీసం లేని టంకం వచ్చింది, మెషీన్లు వచ్చాయి. నిజమే. కానీ రోజిన్ పొగ ఇంకా ఉంది. చేత్తో అతికే పని, రిపేరు పని, సన్నని పార్టులను భూతద్దంలో చూసి ఏరే పని పోలేదు. శ్రీసిటీ లాంటి చోట్ల ఫోన్ల తయారీకి పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలు హాస్టళ్లలో ఉండి పనిచేస్తున్నారు. ఆరు గంటలు కదలకుండా కూర్చోలేమని వాళ్లు సూపర్‌వైజర్‌తో ఎలా చెప్పగలరు?

పొగ పుట్టినచోటే దాన్ని లాగేసే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. నేను పనిచేసిన చోట అలాంటిది ఒక్కటీ చూడలేదు. పెట్టుబడులు రావాలి, పిల్లలకు ఉద్యోగాలు రావాలి, నేను వద్దనను. ప్రభుత్వాన్ని నేను అడిగేది ఇదీ: టంకం పని, భూతద్దం పని చేసేవాళ్లకు ఆరు గంటల నిబంధన వర్తించదని స్పష్టంగా రాయండి. వాళ్లకు రెండు గంటలకోసారి పది నిమిషాలు లేచి తిరిగే వీలివ్వండి. ఇన్‌స్పెక్టర్లు వచ్చినప్పుడు రిజిస్టర్లతో పాటు ఆ బల్లల దగ్గర పొగ ఎటు పోతోందో కూడా చూడాలి.

– ఒక రిటైర్డ్ కార్మికురాలు, హైదరాబాద్