బ్లాకులో చిక్కుకున్న వంజరం

విశాఖపట్నం,
ఏప్రిల్ 20

బావా,

ఆ రోజు నీ ఫోను వచ్చినప్పుడు సరిగా మాట్లాడలేకపోయాను. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఎదురుగా నిలబడి ఉన్నాను, ఒక చేతిలో మురీ మిక్స్చర్ పొట్లం, ఇంకో చేతిలో స్కూటరు. నువ్వేమో జావా భాషలో ఫర్‌ఈచ్ లూపు (జాబితాలో ఒక్కొక్కదాని మీదా అదే పని చేసేది) లోపల కూడిన మొత్తం బయటికి రావడం లేదని, ప్రోగ్రాంలో తప్పులు పట్టే కంపైలర్‌ని తిట్టిపోస్తున్నావు. ఉత్తరం రాస్తానన్నాను కదా, ఇదిగో. ముందు నా పరువు పోయిన కథ విను. నీ జవాబు సగం అందులోనే ఉంది.

ఫిషింగ్ హార్బరులో ఒక చేపల వ్యాపారికి రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. తెల్లవారుజామున ఏ పడవలో ఏ చేప ఎన్ని కిలోలు వచ్చిందో గుమస్తా ఎక్కిస్తాడు. 50 కిలోలకు మించి వంజరం ఉన్న మొదటి పడవ పేరు వ్యాపారికి మెసేజీగా వెళ్లాలి. వేలంపాట మొదలయ్యేలోగా ఆయన ఆ పడవ దగ్గర నిలబడాలి. అంతే పని.

నేను పడవల జాబితా మీద ఈచ్ (జాబితా అంతా తిరిగే రూబీ లూపు) పెట్టి, దాని బ్లాకులో, అంటే ఒక్కొక్క పడవకీ నడిచే వరుసల్లో, షరతు రాసి, దాని కింద పడవ పేరు రాసి ఊరుకున్నాను. మెథడ్‌లో, అంటే పేరు పెట్టి రాసుకున్న పనిలో, చివరి మాటే బయటికి వస్తుంది కదా, ఇదీ అంతే అనుకున్నాను. మొదటి రోజే ఆయన ఫోనుకి హార్బరులోని పడవలన్నీ కిలోలతో సహా వెళ్లాయి! బ్లాకు ఏం చెప్పినా ఈచ్‌కి పట్టదు. ఒక్కొక్కదాన్నీ బ్లాకుకి చూపిస్తుంది, అంతా అయ్యాక తాను తిరిగిన జాబితానే తెచ్చి మన చేతిలో పెడుతుంది. మా చిన్నాన్న కొడుకుని పూర్ణా మార్కెట్‌కి పంపినా ఇదే తంతు. అన్ని కొట్లూ తిరిగి, ఖాళీ సంచితో వచ్చి, "చూసి రమ్మన్నావు, చూసి వచ్చాను" అంటాడు.

మర్నాడు బ్లాకులో పడవ పేరు ముందు రిటర్న్, అంటే ఇది తీసుకుని బయటికి వెళ్లు అనే మాట, రాశాను. పేరు వచ్చింది, సంబరపడ్డాను. సాయంత్రం గుమస్తా ఫోను చేశాడు, ఆ రోజు రిజిస్టరులో ఒక్క పడవా ఎక్కలేదట. రూబీ బ్లాకులో రిటర్న్ అంటే బ్లాకుతో ఆగదు బావా, ఆ బ్లాకు ఏ మెథడ్‌లో ఉందో దాని మొత్తంలోంచి బయటపడటం. గది తలుపు అనుకుని వీధి తలుపు తీశాను. లూపు కింద రిజిస్టరు రాసే వరుసలు నడవనే లేదు.

అప్పుడు బ్రేక్ పట్టుకున్నాను. బ్రేక్ పక్కన పడవ పేరు పెడితే లూపు అక్కడే ఆగి, ఆ పేరే ఈచ్ విలువగా బయటికి వస్తుంది. రిజిస్టరూ నిండింది. రెండు నెలలు నిశ్చింతగా నిద్రపోయాను.

ఏప్రిల్ 15 వచ్చింది. మన తూర్పు తీరంలో ఆ రోజు నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట నిషేధం. ఆ ఉదయం అయిదింటికే వ్యాపారి ఫోను. "బాబూ, పడవలన్నీ కట్టేసి ఉన్నాయి కదా, ఈ పడవ ఎక్కడిది?" మెసేజీ చూస్తే, వంజరం ఉన్న పడవ అని రాసి, పేరు ఉండాల్సిన చోట రెండు చదరపు బ్రాకెట్లు, మధ్యలో ఏమీ లేదు.

ఏమైందో ఊహించావా? ఆ రోజు జాబితాయే ఖాళీ. బ్రేక్ దాకా వెళ్లలేదు కాబట్టి ఈచ్ తన పాత బుద్ధి ప్రకారం ఆ ఖాళీ జాబితానే తిరిగి ఇచ్చింది, ఆ రెండు బ్రాకెట్లు అదే. దొరికితేనే మెసేజీ పంపు అని నేను రాసిన మాట నిజమే, కానీ రూబీలో షరతు చూసేటప్పుడు అబద్ధం కింద లెక్క నిల్ (ఏమీ లేదు), ఫాల్స్ (కాదు) రెండే. సున్నా కూడా నిజమే, ఖాళీ జాబితా కూడా నిజమే. అసలు వేట ఉన్న రోజుల్లోనే, ఎవరికీ వంజరం పడని ఒక్క రోజు వచ్చినా మళ్లీ పడవలన్నీ వెళ్లిపోయేవి. నా అదృష్టం, అలాంటి రోజు రాలేదు.

ఇప్పుడు ఫైండ్ పెట్టాను. షరతుకి సరిపోయిన మొదటి పడవను ఇస్తుంది, లేకపోతే నిల్. దీనికే డిటెక్ట్ అని ఇంకో పేరు ఉంది, అది స్మాల్‌టాక్ అనే పాత భాష నుంచి వచ్చిన పేరు. అక్కడ దొరక్కపోతే ఏం చేయాలో కూడా ఇంకో బ్లాకుగా ఇవ్వవచ్చు. ఆ పెద్దవాళ్లు ముందే ఆలోచించారు, నేను అయిదింటికి తిట్లు తిని నేర్చుకున్నాను.

ఇక నీ సంగతి. రూబీలో అయితే బయట పుట్టిన చరరాశిని (విలువ దాచుకునే పేరుని) బ్లాకు మార్చగలదు. నీ జావాలో బ్లాకులాంటి లాంబ్డా చేతికి దక్కేది బయటి స్థానిక చరరాశి విలువకు నకలు మాత్రమే. నకలు మీద రాస్తే అసలు మారదు కాబట్టి కంపైలర్ అసలు రాయనివ్వదు. ఒక గడి ఉన్న అర్రే (విలువలు పెట్టే గళ్ల వరుస) పెట్టి దాని కళ్లు కప్పే చిట్కా నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పని చేస్తుంది, కానీ నాకు చూడబుద్ధి కాదు. ఫర్‌ఈచ్ తీసేసి, స్ట్రీమ్ (జాబితాలోవి ఒకదాని వెనక ఒకటి వచ్చే వరుస) మీద ఒక్కొక్కదాన్నీ పూర్ణాంకం చేసే మ్యాప్‌టుఇంట్, దాని వెనక అన్నీ కూడే సమ్ పెట్టు. మొత్తం దానంతట అదే నీ చేతికి వస్తుంది. ఏదైనా వెతకాల్సి వస్తే షరతుకి సరిపోయినవాటిని వడకట్టే ఫిల్టర్, వాటిలో మొదటిది ఇచ్చే ఫైండ్‌ఫస్ట్. అది ఆప్షనల్ అనే, ఖాళీగా కూడా ఉండగల పొట్లంలో చుట్టి ఇస్తుంది, విప్పేటప్పుడు లోపల ఏమీ లేకపోతే ఎలా అని నువ్వే ఆలోచించుకోవాలి.

జూన్ నెలాఖరుకి రా. వ్యాపారి కోపం తగ్గింది, మొదటి వేట వంజరం ఒకటి పంపుతానన్నాడు. అమ్మ పులుసు పెడుతుంది.

నీ
బావ