రికోటా బదులు ఏం వెయ్యాలంటే

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి.ల.సౌ. శ్రావణికి,

అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి కాస్త నయం. మీ క్షేమం తెలియాలి, ముఖ్యంగా నీది.

వాట్సాప్ గ్రూపులో నువ్వు ఆఖరుగా పెట్టింది, ఆ ఇటలీ వాళ్ల పొరల వంటకం లసాన్యాలోకి రికోటా చీజ్ బదులు కాటేజ్ చీజ్ వెయ్యొచ్చా అని. మీ పిన్ని ఏదో బొమ్మ పెట్టి ఊరుకుంది, ఇంకెవరూ పలకలేదు. ఆ తర్వాత నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే అల్లుడుగారే ఎత్తి "పడుకుంది అత్తయ్యా" అంటున్నారు. మీకు సాయంత్రం ఆరు కూడా దాటదు అప్పటికి. సరే, అడిగావు కాబట్టి జవాబు నేనే రాస్తున్నాను. ఫోన్‌లో అయితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు.

వెయ్యొచ్చు. కానీ డబ్బా మూత తీసి అలాగే గుమ్మరించకు. రికోటా అంటే చీజ్ చెయ్యగా మిగిలిన తేటని మళ్లీ బాగా వేడి చేస్తే పైకి తేలేది. మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది. కాటేజ్ చీజ్ గడ్డలు గడ్డలుగా, ఉప్పగా, చుట్టూ పలచటి మీగడతో ఉంటుంది. ఆ పలచటి నీరంతా పోకపోతే లసాన్యా అడుగంతా చిత్తడై ముక్క కోస్తే నిలబడదు. చిల్లుల గిన్నెలో పల్చటి గుడ్డ పరిచి ఒక గంట వడకట్టి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పు. ఉప్పు మళ్లీ వెయ్యకు. ఇప్పుడు నువ్వు ఉప్పు తగ్గించుకోవడమే మంచిది.

నీరు పోవాలని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే నీ బారసాల గుర్తుంది కాబట్టి. మండుటెండలు, పైగా కరెంటు లేదు. పరమాన్నానికని పోయించుకున్న పాలన్నీ విరిగిపోయాయి. శుభకార్యం రోజున పాలు విరిగాయని మీ పెద్దత్త ఒకటే గోల. మీ నానమ్మ మాత్రం ఒక్క చుక్క పారబొయ్యనివ్వలేదు. తన పాత వాయిల్ చీర చింపి అందులో మూటగట్టి నూతి గిలకకి వేలాడదీయించింది. కోవా బదులు ఆ విరుగుడులో బెల్లం వేసి బూరెలకి పూర్ణం చేద్దామని ఆవిడ ఆలోచన. ఈలోగా తెనాలి వాళ్లు బండి దిగారు. చిన్నత్తకి కంగారు. మూట బిగించి పిండకుండానే దింపి, బెల్లం కలిపి, ఉండలు చుట్టి పిండిలో ముంచి నూనెలో వేసింది. ఒక్కటీ నిలవలేదు. ఫట్ ఫట్‌మని చిట్లి పూర్ణమంతా నూనెలో పడి మాడింది, మరకలు గోడ మీద నా ఎత్తు వరకు ఎగిరాయి. చిన్నత్త మణికట్టు మీద కాలిన మచ్చ నువ్వూ చూశావు, అది అప్పటిదే. నానమ్మ ఒక్క మాట అనలేదు. దానికి వెన్న రాసి కూర్చోబెట్టి, మిగిలిన పూర్ణాన్ని మూకుడులో సన్న సెగ మీద గరిట నిలబడేదాకా తిప్పి, యాలకుల పొడి వేసి దింపింది. ఆ రెండో వాయి బూరెలు తెనాలి వాళ్లు అడిగి మూట కట్టించుకుపోయారు. (కాలిన చోట వెన్న రాయకూడదు, చల్లటి నీళ్ల కిందే పెట్టాలి. నీకేమన్నా కాలితే అదే చెయ్యి.)

నీ ఉయ్యాల అటక మీద నుంచి దింపించాను. బూజు పట్టిందని, అంతే. తాళ్లు కూడా మార్పించాను.

కాటేజ్ చీజ్ లేకపోతే పనీర్ ఉందిగా. కానీ పనీర్ ఎంత వేడి చేసినా కరగదు, ముక్కలుగా వేస్తే ముక్కలుగానే ఉంటుంది. చేత్తో చిదిమి కాసిని పాలో మీగడో పోసి మిక్సీ పట్టు. అన్నిటికన్నా ఇంట్లో చేసుకోవడం మేలు. లీటరు చిక్కటి పాలు పొంగు రాగానే స్టవ్ ఆపి, రెండు పెద్ద చెంచాల నిమ్మరసం నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా పొయ్యి. తేట విడిపోగానే వడకట్టు. బరువు పెడితే పనీర్ అవుతుంది, బరువు పెట్టకుండా అరగంట వేలాడదీస్తే నీ లసాన్యాకి చాలు. అల్ట్రా పాశ్చరైజ్డ్, అంటే మరీ ఎక్కువ వేడి మీద కాచినవి అని రాసి ఉన్న పాలు తేకు, అవి సరిగ్గా విరగవు. తేట పారబొయ్యకుండా చపాతీ పిండిలో కలుపుకో. పాల డబ్బాలు మాత్రం నువ్వు మొయ్యకు, అల్లుడుగారిని తెమ్మను.

టిరమిసు అనే ఇటలీ తీపిలో వేసే మస్కర్పోనే చీజ్ సంగతి వేరు. అది మీగడతో చేసేది, అందులో పనీర్ పనికిరాదు. క్రీమ్ చీజ్‌లో చిక్కటి క్రీమ్ కలిపి గిలక్కొడితే దగ్గరికొస్తుంది, కాస్త పులుపు తగులుతుంది. అయినా దాంట్లో పచ్చి గుడ్డు పడుతుంది, కాఫీ పడుతుంది. కొన్నాళ్లు దాని జోలికి వెళ్లకు.

కాఫీ అంటే గుర్తొచ్చింది. నువ్వు కాఫీ మానేశావని పద్మత్త కోడలు చెప్పిందట. మంచిదే. ఎందుకని నేను అడగను, చెప్పాల్సినప్పుడు నువ్వే చెబుతావు. కానీ ఒకటి విను. బ్రీ, కామంబేర్, కేసో ఫ్రెస్కో లాంటి మెత్తటి చీజ్‌లు చల్లగా తినకు. కాచని పాలతో చేసినవైతే అసలు ముట్టుకోకు. లిస్టీరియా అని ఒక క్రిమి, ఫ్రిజ్‌లో పెట్టినా పెరుగుతుంది. మామూలు వాళ్లకి పెద్దగా ఏమీ కాకపోవచ్చు, అందరికీ అలా కాదు. అట్ట మీద పాశ్చరైజ్డ్ అని ఉందో లేదో చదువు, ఉన్నా సరే పొగలొచ్చేలా వేడి చేసుకునే తిను. పొద్దున్నే ఏమీ సయించకపోతే మరమరాలైనా నోట్లో వేసుకో, ఖాళీ కడుపుతో ఉండకు.

రావుగారబ్బాయి వచ్చే వారం బయల్దేరుతున్నాడు. సున్నుండలు, కందిపొడి పంపుతున్నాను. కందిపొడిలో ఎండుమిర్చి సగమే వేశాను.

నా వీసాకి ఇంకా చాలా గడువుంది. జనవరికా, ఫిబ్రవరికా, టికెట్ ఎప్పటికి చూడమంటావో నాన్నగారికి ఒక్క ముక్క మెసేజ్ పెట్టు.

ఇట్లు,
మీ అమ్మ