నీ రక్తంలో నా వంతు

హన్మకొండ

బిడ్డా,

ఫోన్‌లో చెప్తే "సరే బాపూ" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

మీ తాత ఎనుమాముల మార్కెట్‌లో, కాంటా అయ్యేదాకా నడుం వాలుస్తానని మిర్చి బస్తాల మీద తువ్వాల పరచుకొని పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. అప్పటికి 48 ఏండ్లు. బీడీ ముట్టలేదు, కల్లు తాగలేదు, సన్నటి మనిషి. ఎండదెబ్బ అన్నారు. ఇన్నేండ్లూ నేనూ అదే నమ్మిన.

మొన్న మీ చిన్నబాపుకు 45 ఏండ్లకే స్టెంట్ పడ్డది కదా. డాక్టరమ్మ మీ తాత సంగతంతా విని, నన్ను కూడా లైపోప్రోటీన్ ఏ పరీక్ష చేయించుకోమన్నది. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే గుండెకు ప్రమాదం ఎక్కువట. నాకు 118 వచ్చింది. దాని పై వరుసలోనే చెడు కొలెస్ట్రాల్ మామూలుగా ఉంది! ఏటా ఆ ఒక్క వరుస చూసుకొనే నిమ్మళంగా ఉన్న.

లైపోప్రోటీన్ ఏ అంటే కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రేణువు, దానికి ఇంకో ప్రోటీన్ తోకలా అతుక్కొని ఉంటుంది. ఆ తోక కొలత ఆరో క్రోమోజోమ్ మీది ఒక జన్యువులో రాసి ఉంటుంది. జన్యువులో ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ ముక్కలు తక్కువుంటే తోక చిన్నది, చిన్న తోకలను కాలేయం ఎక్కువ తయారుచేస్తుంది. అవి రక్తనాళాల గోడల్లో పేరుకుంటాయి. 1963లోనే నార్వేలో కోరె బెర్గ్ అనే శాస్త్రవేత్త ఈ లైపోప్రోటీన్ ఏను కనిపెట్టాడు. అప్పటికి మీ తాతకు పెండ్లి కూడా కాలేదు. అది తలుచుకుంటే గుండె పిండినట్టు అవుతుంది.

ఆ జన్యువు నా నుంచి నీకు వచ్చే అవకాశం సగానికి సగం. వచ్చిందంటే అది నీ తిండి తప్పు కాదు, నీ తప్పు అంతకన్నా కాదు. నడకతో, పథ్యంతో ఆ అంకె పెద్దగా దిగదు. కానీ బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్ మన చేతుల్లో ఉంటాయి. నాకిప్పుడు రోజూ రాత్రి స్టాటిన్ గోలీ. లైపోప్రోటీన్ ఏను అది తగ్గించదు, పక్కనున్న చెడు కొలెస్ట్రాల్‌ను బాగా దించుతుంది. నీకు పాతికేండ్లకే తెలిస్తే ఎంత ముందు జాగ్రత్త పడొచ్చో చూడు.

సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడెందుకీ పరీక్షలని మీ అమ్మ అన్నది. నేను ఒప్పుకోలేదు. రిపోర్టు నీది, ఎవరికి చెప్పాలన్నది నీ ఇష్టం.

శనివారం రా. కాజీపేట స్టేషన్‌కు నేనే వస్తా. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలట, పరగడుపున ఉండక్కర్లేదట. ఇంట్లో చాయ్ తాగే పోదాం.

మీ బాపు